పాత పికప్ బండి బాగుచేయించి, వించ్, కంప్రెసర్ లాంటివి పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల ట్రేలు మోసి మోసి అలిసిపోయిన ఒక బొలెరో క్యాంపర్‌ని భీమవరం వైపు కొని, విజయవాడ ఆటోనగర్‌లో దాదాపు రెండేళ్లు బాగుచేయించుకున్నాను. ఇప్పుడు దానికి వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే కరెంటు మోటారు) ఉంది, టైర్లలో గాలి నింపే కంప్రెసర్ ఉంది, రెండో బ్యాటరీ ఉంది. చూసినవాళ్లందరూ మొదట వించ్ గురించే అడుగుతారు. బ్రేకుల గురించి అడిగినవాళ్లు ఇప్పటికి ఇద్దరే. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. టాటా 207, బొలెరో పికప్, క్యాంపర్, జెనాన్, గెట్‌అవే, ఇసుజు వీ-క్రాస్ లాంటి బళ్లకు ఇవి పనికొస్తాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనే ముందు

ఏ బండి తీసుకుంటే సామాన్లకు ఇబ్బంది ఉండదు?

టాటా 207, బొలెరో పికప్, క్యాంపర్. వీటి సామాన్లు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్‌లూ దొరుకుతారు. టాటా జెనాన్ 2009లో వచ్చింది. దాని 2.2 లీటర్ల డైకార్ ఇంజను సఫారీలోదే కాబట్టి ఇంజను వరకు భయం లేదు. గెట్‌అవే ముందు సగం అచ్చంగా స్కార్పియో. ఈ రెండింటితో చిక్కంతా వెనక సగంలోనే. తొట్టి డోరు, వెనక అద్దం పోతే పాత ఇనుప కొట్లు గాలించాలి. వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. మొదట్లో వచ్చిన 2.5 లీటర్ల, 134 హార్స్‌పవర్ ఇంజను చాలా గట్టిది. సామాను ధర అడిగేముందు మాత్రం కుర్చీలో కూర్చుని అడగండి.

తుప్పు ఎక్కడెక్కడ చూడాలి? పైకి పెయింట్ బాగానే ఉంది.

పెయింట్ చూడకండి. బండి కిందికి దూరండి. చిన్న సుత్తి తీసుకెళ్లి చాసిస్ మీద అడుగడుగునా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డబ్‌మంటుంది. ముఖ్యంగా నాలుగు చోట్లు: కమాన్ కట్టలు (ఇనుప ఆకుల స్ప్రింగులు) చాసిస్‌కి పట్టుకునే బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే రబ్బరు బుష్‌ల చుట్టూ, వెనక ఇరుసు పైన చాసిస్ వంపు తిరిగే చోటు, డీజిల్ ట్యాంకు పట్టీల వెనక.

బండి ఇంతకుముందు ఏం మోసిందో తప్పకుండా అడగండి. ఇటుకలు, ఇసుక మోసిన బండికి కట్టలు, బేరింగులు పోతాయి, అవి మార్చుకోవచ్చు. రొయ్యలు, చేపలు, ఎరువులు మోసిన బండికి చాసిస్ పోతుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి, చాసిస్ లోపలికి చేరి, లోపలి నుంచి తినేస్తాయి. నేను కొన్న బండి తొట్టి కింద అడ్డకమ్మీ ఒకటి చేత్తో నొక్కితే పెంకులా రాలింది. రేటు అక్కడే దిగింది, కానీ మిగిలింది మళ్లీ వెల్డింగుకే పోయింది.

మెకానిక్‌ని తీసుకెళ్లడం కుదరలేదు. ఇంజను సంగతి నాకెలా తెలుస్తుంది?

బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూపించమనండి. మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టే. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే పరవాలేదు, రైలింజనులా పొగ తన్నుకొస్తే రింగులు అరిగాయి. నల్ల పొగకు నాజిల్స్, పంపు, ఎయిర్ ఫిల్టర్ కారణం కావచ్చు, అది మామూలుగా ఇంజను విప్పేంత ఖర్చు కాదు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి నీళ్లలో ఆయిల్ జిడ్డు ఉందేమో చూడండి.

ఎల్లో బోర్డు బండి కొని వైట్ బోర్డు చేసుకోవచ్చా?

అన్ని బళ్లకూ కుదరదు. గూడ్స్ బండిగా తయారై, గూడ్స్‌గానే ఆమోదం పొందిన మోడల్‌ని సొంత వాడకానికి మార్చడం ఆర్టీవో చేతిలోని పని, ఏజెంట్ చేతిలోది కాదు. కొనకముందే సీ బుక్ కాపీతో ఆఫీసుకు వెళ్లి అడగండి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

ఎల్లో బోర్డుతోనే ఉంచుకోవడం కూడా మరీ కష్టమేం కాదు. మొత్తం బరువు 3,000 కేజీలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బళ్ల) లైసెన్సు ఉంటే 7,500 కేజీల లోపు రవాణా బళ్లు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. కాకపోతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తిప్పలు ఉంటాయి. బండి వయసు 8 ఏళ్ల లోపైతే రెండేళ్లకోసారి, దాటితే ఏటా చేయించాలి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే కిస్తీలు తీరాక హెచ్‌పీ (ఫైనాన్స్ కంపెనీకి బండి మీదున్న తాకట్టు) రద్దు చేయించారో లేదో సీ బుక్‌లో చూడండి.

## బాగుచేసేటప్పుడు

ముందు పెయింట్ వేయించేస్తే బండి కళగా ఉంటుంది కదా?

ఉంటుంది, రెండు నెలలు. తర్వాత వెల్డింగు రవ్వలు పడతాయి, ఇంజను దించేటప్పుడు ఫెండర్ గీసుకుంటుంది, వైరింగు కోసం కన్నాలు పడతాయి. పెయింట్ చివర్లో వచ్చే పని. నేను వెళ్లిన వరస ఇది: చాసిస్, బ్రేకులు, స్టీరింగు, కట్టలు, కూలింగు, ఇంజను, వైరింగు, పెయింట్, ఆ తర్వాత యాక్సెసరీలు. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయించుకోవాలి, మళ్లీ డబ్బులు కట్టాలి.

చాసిస్ తుప్పు పట్టింది. ముక్క వేసి వెల్డింగు చేయిస్తే నిలుస్తుందా?

తుప్పు ఎక్కడుంది, ఎంత ఉంది అన్నదాన్ని బట్టి. అరచేయంత చోటు తిన్నదైతే, మంచి ఇనుము కనిపించేదాకా కోసేసి, అదే మందం ప్లేటు వేయించవచ్చు. ప్లేటు చివరలు నిటారుగా కోయకుండా చేప నోరులా ఏటవాలుగా కోయించండి. నిటారుగా అడ్డంగా వెల్డు పెడితే ఆ గీత వెంబడే తర్వాత పగులు వస్తుంది. స్టీరింగు బాక్సు బిగించిన చోట, కట్టల బ్రాకెట్ల దగ్గర పూర్తిగా పోయుంటే ఆ బండి వదిలేయండి.

వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించండి. సీఆర్‌డీఈ, డైకార్ లాంటి కామన్ రైల్ బండి అయితే ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటర్) సాకెట్లు కూడా పీకించండి. డీజిల్ ట్యాంకు దగ్గరైతే ట్యాంకే దించాలి. పని అయ్యాక తుప్పుని నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్, దాని మీద ఎపాక్సీ ప్రైమర్, చాసిస్ డబ్బా లోపల మైనం స్ప్రే. వాడేసిన ఇంజినాయిల్ చల్లడం మన దగ్గర పాత అలవాటు. అది బుష్‌ల రబ్బరును ఉబ్బిస్తుంది, దుమ్ముని పట్టుకుంటుంది, ఒంటికి కూడా మంచిది కాదు. నేనైతే వద్దంటాను.

బ్రేకులు పడుతున్నాయి, కానీ పెడల్ రాయిలా గట్టిగా ఉంది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది ఈమధ్యే డైనమో మార్పించి ఉంటారు. మన పాత డీజిల్ బళ్లలో చాలావాటికి బ్రేక్ బూస్టర్‌కి (పెడల్‌ని తేలిక చేసే డబ్బాకి) కావలసిన వాక్యూమ్ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది. దానికి ఇంజను నుంచి సన్నటి ఆయిల్ పైపు కూడా వస్తుంది. ఎక్కువ ఆంపియర్ల ఆశతో పంపు లేని డైనమో తెచ్చి బిగిస్తే లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతాయి, బ్రేకు పెడల్ మాత్రం గట్టిపడిపోతుంది. పంపు ఉన్నా పెడల్ గట్టిగానే ఉంటే వాక్యూమ్ పైపు పగులు, నాన్ రిటర్న్ వాల్వు, బూస్టర్ డయాఫ్రం వరసగా చూడమనండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూతమీద రాసిన డాట్ నంబరే వాడాలి.

ఖాళీ బండి గుంతల్లో ఎగిరి పడుతోంది. కట్టల్లోంచి రెండు ఆకులు తీసేయమంటారా?

పికప్‌కి కట్టలు ఉండేదే బరువు కోసం, ఖాళీగా ఎగరడం దాని గుణం. ఒక్క ఆకు తీయించి చూడొచ్చు, కానీ అన్నిటికంటే కింద ఉన్న, బరువు పడినప్పుడే పనిచేసే దళసరి ఆకును తాకనివ్వకండి. దానికంటే ముందు ఆకుల మధ్య తుప్పు గీకించి గ్రీజు పెట్టించండి, షాకబ్జార్బర్లు, షాకిల్ బుష్‌లు మార్పించండి. నా బండికి ఇదొక్కటే చేయించాను, నడుం నొప్పి సగం తగ్గింది. వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు సర్దే వాల్వు ఉన్న బండి అయితే, వెనక ఎత్తు మారినప్పుడల్లా దాన్ని మళ్లీ సెట్ చేయించాలి. మరిచిపోతే వెనక చక్రాలు లాక్ కావచ్చు.

ఏసీ లేని బండికి ఏసీ పెట్టించవచ్చా? వేసవిలో తట్టుకోలేకపోతున్నాం.

పెట్టించవచ్చు. అయితే కండెన్సర్ వచ్చి రేడియేటర్‌కి ముందు కూర్చుంటుంది. అంటే రేడియేటర్‌కి తగిలే గాలి ముందే వేడెక్కి వస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం లోడుతో వెళ్తే టెంపరేచర్ ముల్లు ఎక్కడుంటుందో ఊహించుకోండి.

కాబట్టి మొదట కూలింగు సంగతి చూడండి. చాలా పాత బళ్లలో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి రేడియేటర్ గొట్టాలు సున్నంతో పూడిపోయి ఉంటాయి. రీకోర్ చేయించి (లోపలి గొట్టాల భాగం మార్పించి), డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపిన కూలెంట్ పోయండి. థర్మోస్టాట్ పీకేసి ఉంటే మళ్లీ పెట్టించండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు ఉందో లేదో చూడండి, ఎప్పుడో విరిగితే పారేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ పక్క గాలినే లాక్కుంటుంది, రేడియేటర్‌లోంచి లాగదు. ఇవన్నీ సరిచేశాక ఒక వేసవి నడిపి చూసి, అప్పుడు ఏసీ.

## కరెంటు పని

ఉన్న డైనమో సరిపోతుందా, పెద్దది వేయించాలా?

ముందు డైనమో మీద ప్లేటు చూసి ఎన్ని ఆంపియర్లో రాసుకోండి. తర్వాత వాట్స్‌ని 12తో భాగించుకుంటూ లెక్క వేయండి. రెండు హెడ్‌లైట్లకు 10 ఆంపియర్లు, ఏసీ బ్లోయర్‌కి దాదాపు అంతే, వైపర్లు, టెయిల్ ల్యాంపులు, ఫోన్ ఛార్జర్లకు మరో 8 అనుకోండి. గాలి కంప్రెసర్ 30 నుంచి 50 దాకా లాగుతుంది, కానీ అది పది నిమిషాల ముచ్చట. చిన్న ఫ్రిజ్ 4 లేదా 5. ఇవన్నీ ఒకేసారి వేయరు కాబట్టి 60 ఆంపియర్ల డైనమో ఉంటే చాలామందికి సరిపోతుంది. వించ్‌ని ఈ లెక్కలో కలపకండి. పూర్తి బరువు లాగేటప్పుడు అది 400 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, ఏ డైనమో దాన్ని మోయలేదు. ఆ పని బ్యాటరీది.

రెండో బ్యాటరీ నిజంగా అవసరమా?

రాత్రి బండి ఆపి ఫ్రిజ్, లైట్లు వాడేవాళ్లకు అవసరం. పొద్దున్న సెల్ఫ్ కొట్టే బ్యాటరీ వేరేగా భద్రంగా ఉంటుంది. మిగిలినవాళ్లకు మంచి బ్యాటరీ ఒకటి చాలు. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టులు నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం అయినట్టు. మామూలు లెడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించుతూ పోతే త్వరగా చచ్చిపోతుంది.

రెండు బ్యాటరీలనూ ఊరికే వైరుతో కలిపేయకండి. మధ్యలో ఐసొలేటర్ రిలే (ఇంజను ఆగితే రెండింటినీ విడదీసే స్విచ్చి) గానీ, డీసీ-డీసీ ఛార్జర్ (రెండో బ్యాటరీని సరైన వోల్టేజీతో నింపేది) గానీ ఉండాలి. లిథియం బ్యాటరీ అయితే డీసీ-డీసీ ఛార్జరే. దాన్ని బానెట్ కింద వేడిలో పెట్టకూడదు, సీటు వెనకో తొట్టిలో మూసిన పెట్టెలోనో పెట్టుకోవాలి.

ఎలక్ట్రీషియన్ సన్న వైరు చాలంటున్నాడు. ఎంత లావు వేయించాలి?

బ్యాటరీ నుంచి వెనక తొట్టికి వెళ్లి రావడానికి 10 మీటర్ల వైరు అనుకోండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. కంప్రెసర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వైరు వేడెక్కుతుంది. అదే 16 అయితే పోయేది 0.35 వోల్టే. రాగి ఖరీదు ఎక్కువ, నిజమే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు అంటగట్టే కొట్లు ఉన్నాయి, చివర గీకి చూసి కొనండి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరం లోపే ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది వస్తువును కాదు, వైరును. నా బండికి మొదట వైరింగు చేసినతను ఫ్యూజుని కంప్రెసర్ దగ్గర పెట్టాడు. ఆరు నెలలకు వైరు బానెట్ అంచుకు రాసుకుని తొడుగు పోయింది. నూజివీడు దాటాక డ్యాష్‌బోర్డు సందుల్లోంచి పొగ. బానెట్ ఎత్తి 10 నంబరు స్పానర్‌తో నెగెటివ్ పీకేలోపు సగం వైరింగు కరిగిపోయింది. అప్పటినుంచి ఆ స్పానర్ డోరు జేబులోనే ఉంటుంది.

హెడ్‌లైట్లు మసగ్గా ఉన్నాయి. 100 వాట్ల బల్బులు వేస్తే?

వద్దు. రిఫ్లెక్టర్ మాడుతుంది, హోల్డర్ కరుగుతుంది, ఎదుటివాడికి కళ్లు పోతాయి. పాత బండిలో కరెంటంతా లైటు స్విచ్చిలోంచి తిరిగి వస్తుంది, దారిలో ఒకటి రెండు వోల్టులు తగ్గడం మామూలే. రిలే పెట్టి 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా లైను ఇచ్చి, 87 నుంచి బల్బుకి ఇవ్వండి. పాత స్విచ్చి లైను 85, 86లకు పోతుంది. ఆ 60/55 వాట్ల బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

## యాక్సెసరీలు

ఎంత కెపాసిటీ వించ్ తీసుకోవాలి?

లోడుతో కలిపి బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు. 2,800 కేజీల బండికి 4,200. మార్కెట్లో 9,500 పౌండ్లు అని అమ్మేది దాదాపు 4,300 కేజీలు, కాబట్టి అది సరిపోతుంది. పెట్టె మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. తాడు ఎంత చుట్టుకుని ఉంటే అంత బలం తగ్గుతుంది. ఒక కప్పీ వేసి తాడును వెనక్కి తిప్పి కట్టుకుంటే బలం ఇంచుమించు రెట్టింపు, వేగం సగం.

లాగేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి. నిమిషం లాగి, కాసేపు ఆపి, మళ్లీ లాగాలి. స్టీల్ రోప్ అయితే దాని మీద తడిపిన గోనె సంచి వేయండి, తెగినా కొరడాలా లేవదు. తాడు దాటి ఎవ్వరూ నడవకూడదు, ఊళ్లో జనం పోగైతే ముందు వాళ్లను వెనక్కి పంపించండి.

నిజం చెప్పాలంటే, నల్లరేగడిలో దిగబడిన నా బండిని మూడేళ్లలో వించ్ రెండుసార్లు లాగింది. పక్క పొలం ట్రాక్టర్ ఎన్నిసార్లు లాగిందో లెక్క లేదు.

గాలి కంప్రెసర్ ఎక్కడ బిగించాలి?

ఇంజను వేడి తగలని చోట, నీళ్లకు అందని ఎత్తులో. బానెట్ కింద అయితే సైలెన్సర్ గొట్టానికి అవతలి వైపు. గాలి పీల్చే ఫిల్టర్‌ని పైపుతో పొడిగించి ఇంకా పైకి పెట్టుకోవచ్చు. ఎంతసేపు నడిపి ఎంతసేపు ఆపాలో కంపెనీవాళ్లు రాస్తారు, దాన్ని నమ్మండి. టైర్లలో గాలి ఎక్కించడానికి ట్యాంకు అక్కర్లేదు, నేరుగా కొట్టొచ్చు. ఇసుకలో దిగే ముందు 18 నుంచి 20 పీఎస్ఐకి దించుకుని, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి. నల్లరేగడి బురదలో గాలి దించడం వల్ల పెద్దగా లాభం ఉండదు, అక్కడ టైరు పళ్లే ముఖ్యం. ఇక ట్యాంకు ఉంది కదా అని పాటలు పాడే హారన్లు తగిలించకండి, కేంద్ర మోటారు వాహన నిబంధనలు వాటిని ఒప్పుకోవు.

ఇవన్నీ పెడితే బండి బరువు ఎక్కువైపోదా?

అవుతుంది, తెలియకుండానే. వించ్, దాని ప్లేటు 60 కేజీలు, రెండో బ్యాటరీ 20, ఇనుప క్యారియర్ 40, టెంటు 60, నీళ్ల క్యాను 40. మనుషులు ఎక్కకముందే 220. సీ బుక్‌లో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మీకు మిగిలిన చోటెంతో తెలుస్తుంది. ఒకసారి వే బ్రిడ్జి ఎక్కించి ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించండి. వించ్ బంపర్ చివర వేలాడుతుంది కాబట్టి ముందు ఇరుసు మీద దాని బరువు కంటే ఎక్కువే పడుతుంది.

పెద్ద టైర్లు వేస్తే గాంభీర్యంగా ఉంటుంది కదా?

ఉంటుంది. టైరు చుట్టుకొలత 5 శాతం పెరిగితే మీటరు 60 చూపించినప్పుడు మీరు 63లో వెళ్తుంటారు. పికప్ మందగిస్తుంది, క్లచ్ త్వరగా పోతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది. కంపెనీ సైజులోనే గట్టి టైరు వేసుకోవడం నాకు నచ్చిన దారి.

## చట్టం, ఇన్సూరెన్స్

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వీటికి ఒప్పుకుంటాడా?

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, సీ బుక్‌లో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజను మార్చడం, తొట్టి పొడిగించడం, సీట్లు పెంచడం లాంటివి నేరుగా దీనికిందికి వస్తాయి. బుల్ బార్లను ఆపమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అందుకే బయటికి పొడుచుకు రాకుండా, ఒరిజినల్ బంపర్ వెనక దాక్కునే వించ్ ప్లేటు చేయించుకున్నాను. దానితో కూడా ఇబ్బంది రాదని నేను హామీ ఇవ్వలేను. విప్పితే గంటలో బండి పాత రూపుకు వచ్చేలా బోల్టులతో బిగించుకోండి, వెల్డింగు చేయకండి.

యాక్సెసరీల సంగతి ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పాలా?

చెప్పాలి. కంపెనీ నుంచి రాని కరెంటు సామానుకు పాలసీలో విలువ విడిగా రాయించి, అదనపు ప్రీమియం కట్టాలి. లేదంటే దొంగతనం జరిగినా, కాలిపోయినా వాటికి పైసా రాదు. చెప్పని వైరింగు వల్లే మంట వచ్చిందని సర్వేయర్ రాస్తే మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడుతుంది. బిల్లులు, ఫొటోలు దాచుకోండి.

## వాడుకలో

వించ్, కంప్రెసర్ వాడకుండా ఉంచేస్తే పాడవుతాయా?

వాడకపోతేనే పాడవుతాయి. నెలకోసారి వించ్ తాడు పది మీటర్లు బయటికి లాగి, చిన్న బరువు మీద వరసగా చుట్టండి. వదులుగా చుడితే తర్వాత లాగినప్పుడు పై చుట్టు కింది చుట్లలోకి దిగి ఇరుక్కుంటుంది. కంప్రెసర్‌కి ట్యాంకు ఉంటే కింద డ్రెయిన్ తిప్పి నీళ్లు వదలండి, కోస్తా గాలికి అవి త్వరగా చేరతాయి. వరద నీళ్లలోంచి బండి దాటించిన ప్రతిసారీ మర్నాడు డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, అప్పుడే మార్చేయాలి.